కార్డు మూసి పెట్టాక కథ వచ్చింది: ఎనిమిదేళ్ళ పాప కేసు

పిల్లలకి కథ చెప్పడం రావాలంటే బొమ్మల కార్డులు కొనమని మా వృత్తిలో అలవాటుగా చెప్తుంటాం. షాపుల్లో అవి పెట్టెలు పెట్టెలుగా దొరుకుతాయి. కథ వస్తుందా లేదా అన్నది ఏ కార్డులు కొన్నాం అన్నదాని కంటే, ఆ కార్డు ఎవరికి కనిపిస్తోంది, ఎవరికి కనిపించడం లేదు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుందని ఈ కేసులో తేలింది. అందుకే రాస్తున్నాను.

నేను బెంగళూరులో స్పీచ్ థెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగు ఇళ్ళవాళ్ళు ఎక్కువ. తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నా, పాపని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఇక్కడ పాపని చిట్టి అంటాను.

నేపథ్యం

చిట్టికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. అమ్మానాన్నలిద్దరూ రాయలసీమ వాళ్ళు, ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలు. పాప బెంగళూరులోనే పుట్టింది. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, అపార్ట్‌మెంట్ కింద ఆడుకునేటప్పుడు హిందీ, సెక్యూరిటీ అంకుల్‌తో కన్నడ. ఈ ఊర్లో ఇది మామూలే. ఆరో తరగతి చదివే అన్న ఉన్నాడు, మాటకారి. నాన్నవాళ్ళమ్మని పిల్లలు అవ్వ అంటారు. ఆమె ఏడాదిలో కొన్ని నెలలు వచ్చి ఉంటుంది.

స్కూల్లో పిక్చర్ కంపోజిషన్ దగ్గర చిక్కొచ్చింది. బొమ్మ ఇచ్చి కథ రాయమంటే చెట్టు ఉంది, అబ్బాయి ఉన్నాడు, బంతి ఉంది అని నాలుగు వాక్యాలు రాసి పెన్సిల్ పెట్టేస్తుంది. పేరెంట్స్ మీటింగులో టీచరు "ఇమాజినేషన్ తక్కువ" అన్నారట. వాళ్ళమ్మని అసలు బాధపెట్టింది మాత్రం ఇంకొకటి. "సాయంత్రం స్కూల్లో ఏం జరిగిందే అంటే ఏం లే అంటుంది మేడమ్. గట్టిగా అడిగితే మ్యాథ్స్ అయింది, తర్వాత స్నాక్స్, తర్వాత పీటీ అని టైంటేబుల్ అప్పజెప్తుంది. వాడైతే క్లాసులో ఎవరి టిఫిన్ బాక్సు ఎవరు తిన్నారో కూడా చెప్తాడు."

మొదట ఏం తోసిపుచ్చాలి

ఇలాంటి ఫిర్యాదు వినగానే కథల జోలికి వెళ్ళను. వినికిడి పరీక్ష చేయించాం, బాగుంది. పదసంపద రెండు భాషల్లోనూ చూశాను. ఒక్క ఇంగ్లీషులో చూస్తే తక్కువనిపిస్తుంది, ఒక్క తెలుగులో చూసినా అంతే. రెండూ కలిపి చూస్తే వయసుకి తగ్గట్టే ఉంది. సూచనలు అర్థం చేసుకోవడం, వాక్యనిర్మాణం, తోటి పిల్లలతో కలవడం, ఎక్కడా కంగారు పడాల్సింది కనిపించలేదు. భాషాలోపం అని రాయడానికి ఆధారం లేదు.

ఇక "ఇమాజినేషన్ తక్కువ" అన్న మాట. వెయిటింగ్ రూములో బొమ్మల బుట్ట ఉంటుంది. అమ్మ ఫోన్లో ఉన్నప్పుడు చిట్టి ఒక బొమ్మని పడుకోబెట్టి, చెవిలో "ఏడవకు, కొంచెమే నొప్పి, నువ్వు ఏడిస్తే డాక్టరుకి చెయ్యి వణుకుతుంది" అంటోంది. చెయ్యి వణికే డాక్టరుని ఊహించగల పిల్లకి ఊహ తక్కువని నేను ఎట్లా రాయను? ఊహ ఉంది. అది ఎదుటివాళ్ళ దాకా రావడం లేదు. ఈ తేడా పట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే ఊహ లేదనుకుంటే మనం ఊహని రెచ్చగొట్టే పనులు మొదలుపెడతాం, ఆ శ్రమంతా వేరే చోట పోతుంది.

తర్వాత మాటల్లేని ఆరు బొమ్మల కథ ఇద్దరి మధ్యా పెట్టి చెప్పమన్నాను. "కోతి ఉంది. బండి ఉంది. తాత ఉన్నాడు. కోతి పండు తీసుకుంది. తాత పరిగెత్తాడు. అయిపోయింది." కోతి పండు ఎందుకు తీసుకుంది అని అడిగితే తడుముకోకుండా "ఆకలేసింది" అంది. తాతకి ఏమనిపించింది అంటే "కోపం. అవి అమ్మేవి కదా."

స్టైన్, గ్లెన్ అనే పరిశోధకులు 1979లో కథకి ఉండే భాగాలని విడదీసి చూపించారు. రంగం, కథని కదిలించే సంఘటన, పాత్ర మనసులో కలిగేది, వేసుకున్న ఎత్తు, చేసిన ప్రయత్నం, ఫలితం, ఆ ఫలితానికి స్పందన. చిట్టి కథలో రంగమూ ప్రయత్నమూ ఉన్నాయి, మనసు భాగం మొత్తం లేదు. కానీ అడిగితే అన్నీ తెలుసు. అంటే తెలియక వదిలేయడం లేదు, చెప్పాల్సిన అవసరం కనిపించక వదిలేస్తోంది. బొమ్మ నా కళ్ళ ముందే ఉంది కదా, నాకు మళ్ళీ చెప్పడం దేనికి?

ఏ భాషలో పని చేయాలన్నది రెండో నిర్ణయం. "స్కూల్లో ఇంగ్లీషులో అడుగుతారు కదా మేడమ్, తెలుగులో ఎందుకు?" అని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రెండు భాషల పిల్లల్లో కథ ఎముకల గూడు, అంటే ఎవరికి ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది, ఏమైంది అన్న అమరిక, ఒక భాషలో కుదిరితే రెండో భాషలోకి చాలావరకు నడిచొస్తుంది. పదాలూ, వాక్యాలని కలిపే మాటలూ అంత తేలిగ్గా రావు, వాటికి ఆ భాషలోనే సాధన కావాలి. అందుకని గూడు తెలుగులో కడదామని, ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దామని అనుకున్నాం. తెలుగు ఎంచుకోవడానికి ఇంకో కారణం అవ్వ. ఆ ఇంట్లో కథలు చెప్పే మనిషి ఆమే.

నాన్న అభ్యంతరం

కార్డులతో ఆటలు అనగానే నాన్న ముఖం మారింది. "మా ఊర్లో పేకాటకి పొలాలు పోగొట్టుకున్నోళ్ళున్నారు మేడమ్. పిల్లకి ముక్కలు పట్టుకునేది నేర్పించేదేంది?" దీన్ని నవ్వి తీసేయకూడదు. ఇంట్లో ఒకరికి మనసు ఒప్పకపోతే ఆ ఆట వారం కూడా సాగదు.

ముక్కలంటే జూదమొక్కటే కాదని చెప్పడానికి గంజీఫా అనే పాతకాలపు బొమ్మల ముక్కల ఆట గురించి చెప్పాను. మైసూరు రాజు మూడో కృష్ణరాజ ఒడెయరు ఆదరించిన ఆట. ముక్కలు గుండ్రంగా ఉంటాయి. దశావతార గంజీఫాలో ఒక్కో అవతారానికి పన్నెండు చొప్పున 120 ముక్కలు. తెలంగాణలో నిర్మల్ కళాకారులు కూడా గంజీఫా గీసేవారు. ఆయన మర్యాదగా విన్నాడు, అంతే, మెత్తబడలేదు. మూడు షరతుల మీద ఒప్పుకున్నాడు: ఇస్పేటు, ఆటీను ఉండకూడదు, పందెం మాట వినిపించకూడదు, బొమ్మలు పాపే గీయాలి. మూడో షరతు మాకు పెద్ద మేలు చేసింది. తను గీసిన బొమ్మలో ఏముందో ఆ పిల్లకి మనకంటే ఎక్కువ తెలుసు, అంటే చెప్పడానికి ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలి ఉంటుంది.

పని చేయనివి

మొదట వరసలో పేర్చే కార్డులు. గుడ్డు, పగుళ్ళు, పిల్ల, కోడి లాంటివి. ప్రతి క్లినిక్‌లో ఉంటాయి, నా దగ్గరా ఉన్నాయి. చిట్టి ఒక్క తప్పు లేకుండా పేర్చింది. పేర్చి, ఒక్కో కార్డు మీద వేలు పెట్టి "ఇది గుడ్డు, ఇది పిల్ల" అంది. అమ్మ సంతోషపడింది. కానీ ఇది వరస తెలుసో లేదో చూసే పరీక్ష, వరస ఆ పిల్లకి ముందే తెలుసు. పైగా కార్డులన్నీ బల్ల మీద అందరికీ కనిపిస్తుండగా మాటకి పనేముంది, వేలు చాలు.

తర్వాత కట్టలోంచి చూడకుండా మూడు కార్డులు తీసి కథ అల్లడం. డైనోసారు, ఆటో, రాణి వచ్చాయి. "డైనోసారు వచ్చింది, తర్వాత ఆటో వచ్చింది, తర్వాత రాణి ఆటోని మింగేసింది, తర్వాత డైనోసారు డాన్స్ చేసింది." ఇంట్లో అందరూ తెగ నవ్వారు, ఊహ విచ్చుకుందని నాన్న వీడియో కూడా తీశాడు. నాకు తృప్తి కలగలేదు. వింతలు పెరిగాయి, ముడి పడలేదు. రాణి ఆటోని ఎందుకు మింగింది అని అడిగితే "ఊరికే" అంది. కోతికి ఆకలి చెప్పిన పిల్ల రాణికి కారణం చెప్పలేకపోయిందంటే, ఈ ఆటలో కారణం చెప్పాల్సిన అవసరమే లేదన్నమాట. ఇలాంటి ఆటలు ముడి వేయడం వచ్చిన పిల్లలకి బాగుంటాయి.

మూడోది, ఒకరు కథ చెప్తుంటే చేతిలో సరిపోయే కార్డు ఉన్నవాళ్ళు మధ్యలో దూరి కథని లాక్కునే ఆట. 1993 నుంచి మార్కెట్లో ఉన్న ఒక పేరున్న ఆట నియమం ఇది. పెద్దపిల్లల గుంపులో నాకు ఇష్టమైన ఆట. ఇక్కడ ఒక్క సాయంత్రంలో ముగిసింది. ప్రతి రెండో వాక్యానికి అన్న దూరాడు, చిట్టి కార్డులు కింద పెట్టేసి "వాడే ఆడుకోనీ" అంది.

పని చేసినవి

ఈ దశలో నాకు గుర్తొచ్చింది ఒక పరీక్ష పద్ధతి. వేరువేరు భాషల పిల్లల కథనాన్ని ఒకే తీరుగా చూడడానికి యూరప్ పరిశోధకులు తయారు చేసిన 'మెయిన్' అనే పరీక్షలో పిల్లల ముందు మూడు కవర్లు పెడతారు. పిల్లలే ఒకటి ఎంచుకుంటారు, లోపల ఏ కథ ఉందో పరీక్షించేవాళ్ళకి తెలియదన్నట్టు నడుస్తుంది. వినేవాళ్ళకి తెలియదని పిల్లలు నమ్మితేనే మొత్తం చెప్తారని ఈ ఏర్పాటు. పరీక్షలో వాడే ఆ కిటుకుని రోజూ ఆడే ఆటగా మార్చవచ్చు కదా అనుకున్నాను. స్పీచ్ థెరపీలో అడ్డుతెర ఆటలు, అంటే ఒకరి ముందున్నది మరొకరికి కనిపించకుండా మధ్యలో తెర పెట్టి ఆడేవి, ఎప్పట్నుంచో ఉన్నాయి, కాకపోతే వాటిని ఎక్కువగా రంగులూ ఆకారాలూ వర్ణించడానికి వాడతాం, కథకి వాడడం తక్కువ.

పిజ్జా డబ్బా మూత నిలబెట్టి తెర చేశాం. ఇటు చిట్టి, అటు అమ్మ. ఇద్దరి దగ్గరా ఒకే రకం కార్డుల కట్ట. చిట్టి నాలుగు కార్డులు పేర్చి కథ చెప్పాలి, అమ్మ విని తన వైపు అవే కార్డులు అదే వరసలో పెట్టాలి. చివర్లో మూత తీసి చూసుకోవాలి. కట్టలో కావాలనే ఒకదానికొకటి దగ్గరగా ఉండే కార్డులు వేశాను: నవ్వుతున్న అబ్బాయి, ఏడుస్తున్న అబ్బాయి, చెట్టెక్కిన అబ్బాయి.

అమ్మకి ఒకటే సూచన ఇచ్చాను. ఊహించి పెట్టొద్దు, చెవిన పడింది మాత్రమే పెట్టు. ఇది ఆమెకి చాలా కష్టమైంది. అమ్మలకి పిల్లల సగం మాట చాలు, మిగతా సగం వాళ్ళే పూరించుకుంటారు. చిట్టి "అబ్బాయి ఉన్నాడు, తర్వాత చెట్టు" అంది. అమ్మ నవ్వుతున్న అబ్బాయిని పెట్టింది. మూత తీయగానే చిట్టి కుర్చీలోంచి లేచింది. "ఆ అబ్బాయి కాదు! ఏడుస్తున్న అబ్బాయి. బెలూన్ చెట్టు మీద చిక్కుకుంది కదా, అందుకని ఏడుస్తున్నాడు. ఇప్పుడు దానికోసం ఎక్కుతాడు."

సంఘటన, మనసు, ఉద్దేశం, ప్రయత్నం, అన్నీ ఒక్క ఊపులో వచ్చాయి. నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. తప్పు కార్డు పడడమే ప్రశ్న అడిగినట్టయింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఇదే ఆట, వినేవాళ్ళని మారుస్తూ. నాన్న అందరికంటే మంచి శ్రోత, ఎందుకంటే ఆయన నిజంగానే ఏమీ ఊహించడు.

అవ్వ వచ్చాక రెండో మలుపు. ఏడు చేపల కథ మనకందరికీ తెలిసిందే. ఎండని చేపతో మొదలై, గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అన్నం పెట్టని అవ్వ, ఏడ్చిన పాప, చీమ దాకా ఒక్కొక్కరినీ కారణం అడుగుతూ వెనక్కి నడుస్తుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో మార్పుతో చెప్తారు, గొలుసు మాత్రం అదే. చిట్టికి కొరవడిన కారణకార్యాల ముడి ఇందులో అడుగడుగునా ఉంది. చిట్టి కార్డులు గీసింది. ముక్కలు కలిపి పంచి, ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ చూపించకుండా ఆడారు. అవ్వ "చేపా చేపా, ఏంటికి ఎండలేదు?" అంటే గడ్డిమోపు ఎవరి దగ్గరుందో వాళ్ళు కారణం చెప్పి ముక్క దించాలి. కారణం చెప్పకుండా దించితే తొండి. తొండి అని అరిచే హక్కు ఒక్క చిట్టికే ఇచ్చాం. అన్న దూకుడుకి ఇదే మందు.

కథ నోటికొచ్చాక ముక్కలు మార్చాం. స్కూల్ బస్సు, నీళ్ళ ట్యాంకరు, లిఫ్టు, సెక్యూరిటీ అంకుల్, కుక్కపిల్ల, డెలివరీ అన్న. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు ఈ ఊరి పిల్లలకి బాగా గుర్తు, ట్యాంకరు అందుకే వచ్చింది. రికార్డింగు నుంచి చిట్టి చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"బస్సూ బస్సూ ఎందుకు రాలేదు? ట్యాంకరు అడ్డం నిలబడింది. ట్యాంకరూ ట్యాంకరూ ఎందుకు నిలబడ్డావు? అంకుల్ గేటు తీయలేదు. అంకులూ అంకులూ ఎందుకు తీయలేదు? కుక్కపిల్ల గేటు కింద పడుకుంది. కుక్కపిల్లా కుక్కపిల్లా ఎందుకు పడుకున్నావు? రాత్రంతా డెలివరీ అన్నలొస్తుంటే మొరిగి మొరిగి అలిసిపోయినా, పడుకోకుంటానా?"

ఆ చివరి మాట అవ్వ చీమది. పుట్టలో వేలు పెడితే కుట్టకుంటానా అని అవ్వ చెప్పే తీరు అది. ప్రతి వస్తువునీ పేరు పెట్టి పిలిచి అడగడంలో ఇంకో లాభం ఉంది. జవాబు ఆ పాత్ర నోటి నుంచే రావాలి, కాబట్టి దాని బాధ అదే చెప్పుకుంటుంది. వెయిటింగ్ రూములో బొమ్మ చెవిలో మాట్లాడిన పిల్ల ఇక్కడ పదిమందిలో మాట్లాడింది.

కానీ కొన్నాళ్ళకి ఒక ఇబ్బంది కనబడింది. ఏ బొమ్మ ఇచ్చినా ఇదే అచ్చులో పోసేస్తోంది, ప్రతి కథా ఫలితం నుంచి వెనక్కే నడుస్తోంది. స్కూల్లో అడిగే కథ ముందుకి నడవాలి. అచ్చుని వదిలించడం కంటే దాన్నే తిరగేయడం మేలనిపించింది. చీమ నుంచి మొదలుపెట్టి చేప దాకా చెప్పమన్నాను. "పాప వేలు పెడితే చీమ కుట్టింది, కుట్టేసరికి పాప ఏడ్చింది, ఏడుస్తుంటే అవ్వ ఎత్తుకుంది, అందుకని గొల్లాయనకి అన్నం పెట్టలేదు..." వరసగా తర్వాత, తర్వాత అనే పిల్ల నోటి వెంట -ఏసరికి, -తుంటే, అందుకని అన్నీ దిగాయి. తిప్పి చెప్పాలంటే అవి లేకుండా కుదరదు మరి. "ఈ కథని ఇట్ల బోర్లించి చెప్తారా ఎవురన్నా?" అని అవ్వ ముక్కున వేలేసుకుంది, తర్వాత తనూ ప్రయత్నించి మధ్యలో తప్పింది. చిట్టి సరిచేసింది.

దీని తర్వాత ఎవరు, ఏం కావాలి, ఏం అడ్డం అని మూడు కట్టలు పెట్టి ఒక్కో కార్డు తీసి చెప్పే ఆట ఆడాం. ఇది తేలిగ్గానే పట్టుకుంది, ఎక్కువ రాయాల్సింది లేదు.

చివరగా ఇల్లంతా కలిసి ఆడేది. డిక్సిట్ అనే ఆట ఉంది, 2008లో ఫ్రాన్సు నుంచి వచ్చింది, 2010లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటగా బహుమతి పొందింది. పెట్టె కొనలేదు, నియమం ఒక్కటి తీసుకున్నాం. కథకుడు తన కార్డు గురించి ఒక మాట చెప్తాడు, మిగతావాళ్ళు తమ చేతిలోంచి ఆ మాటకి సరిపోయే కార్డు ఒక్కొక్కటి ఇస్తారు, అన్నీ కలిపి పరుస్తారు, కథకుడి కార్డు ఏదో కనిపెట్టాలి. అందరూ కనిపెట్టేసినా, ఎవరూ కనిపెట్టలేకపోయినా కథకుడికి సున్నా. వినేవాళ్ళకి ఎంత చెప్పాలి, ఎంత దాచాలి అన్నది పిల్లలకి ఇంతకంటే బాగా నేర్పే నియమం నాకు తెలియదు.

పాత క్యాలెండర్లు, వారపత్రికలు కత్తిరించి కార్డులు చేశారు. చిట్టి మొదటి మాట "పెద్ద చెట్టు". కార్డు మీద పెద్ద చెట్టే ఉంది, అందరూ కనిపెట్టేశారు, సున్నా. అన్న ఏదో క్రికెట్ మాట చెప్పి ఎవరికీ అర్థంకాక వాడూ సున్నా తెచ్చుకున్నాడు, అది చిట్టికి ధైర్యమిచ్చింది. కొన్ని ఆటల తర్వాత దీపం వెలుగుతున్న కిటికీ, దాని పక్కన ఖాళీ కుర్చీ ఉన్న కార్డుకి "వాళ్ళమ్మ ఇంకా రాలేదు" అంది. అమ్మ, అవ్వ కనిపెట్టారు. నాన్న, అన్న వేరే కార్డులు చూపించారు. కార్డులో మనుషులెవరూ లేరు.

ఏం మారింది, ఏం మారలేదు

ముందెప్పుడూ చూడని బొమ్మలతో రెండు భాషల్లో మళ్ళీ కథ చెప్పించాను. తెలుగులో ఎవరికి ఏం కావాలో, ఎందుకో, చివరికి ఏమనిపించిందో అడగకుండానే వచ్చాయి. ఇంగ్లీషులోనూ గూడు వచ్చింది, వాక్యాలు మాత్రం పొట్టిగానే ఉన్నాయి, కలిపే మాటలు బికాజ్, సో దాటలేదు. అనుకున్నదే. ఇప్పుడు పిజ్జా డబ్బా తెర ఇంగ్లీషుకి మారింది, అవతలి వైపు అన్న కూర్చుంటున్నాడు.

క్లాసులో చెయ్యెత్తి చెప్తోందని టీచరు అన్నారు. రాతలో పెద్దగా తేడా లేదు. స్పెల్లింగు వెతుక్కోవడంలోనే ఆ పిల్ల ఓపికంతా అయిపోతోంది, అది వేరే పని. అమ్మ అడిగే "స్కూల్లో ఏం జరిగింది"కి ఇప్పటికీ జవాబు "ఏం లే". ఊర్లో ఉన్న అవ్వ ఫోన్ చేస్తే మాత్రం అదే రోజు సంగతి వివరంగా చెప్తోందట. అవ్వకి ఆ స్కూలూ తెలియదు, ఆ పిల్లలూ తెలియరు.

ఎంత భాగం ఆటల వల్ల, ఎంత భాగం అవ్వ ఇంట్లో ఉండడం వల్ల, ఎంత వయసు వల్ల అన్నది ఒక్క కేసులో విడదీయలేం. ఇదే పద్ధతి అందరికీ ఇవ్వను. పదాలే తక్కువున్న పిల్లలకి, వాక్యమే కుదరని పిల్లలకి ముందు ఆ పని కావాలి. దాచిన కార్డుని గుర్తుపెట్టుకుంటూ చెప్పడం వాళ్ళకి రెండింతల బరువు. నత్తి ఉన్న పిల్లలతో ఆడేటప్పుడు తొండి అని అరిచే నియమం తీసేయాలి, మాట మధ్యలో ఎవరు అడ్డొచ్చినా వాళ్ళకి కష్టమే. ఇంట్లో గెలవాలని ఆడే పెద్దపిల్లలుంటే నియమాలు చిన్నవాళ్ళ వైపు కొంచెం వంచాలి, బాహాటంగానే.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్ళకి ఒక సంగతి. చార్టు పేపరుతో చేస్తే వెనక నుంచి బొమ్మ నీడ కనిపిస్తుంది, దాంతో ఆట పోతుంది. పాత పెళ్ళిపత్రికల అట్ట సరిగ్గా సరిపోతుంది. ఇరవై కార్డులు మించితే చిన్న చేతుల్లో నిలవవు, జారి తిరగబడతాయి.